కంటి హెర్పీసు పరిశోధన: ఒక విమర్శ

2023 వ సంవత్సరము జూలై, ఆగస్టు నెలలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలో కండ్లకలక విస్తారముగా వ్యాపించినది. వసతి గృహములలో ఒక పిల్లవానికి వచ్చిన జబ్బు కొద్ది దినములలోనే ప్రక్కవారికి అంటుకొనెడిది. ఇటువంటి సమయములలో చాల ఇండ్లలో జరుగునది ఒక్కటే. మందుల దుకాణమునకు పోయి, కన్ను ఎర్రబడినదని చెప్పి, వారిచ్చిన చుక్కల మందు తెచ్చుకొందురు. లేదా క్రిందటిసారి మిగిలిన సీసాను వెదకి తీయుదురు. వారము పది దినములలో ఎరుపు తగ్గును. "మందు బాగా పనిచేసినది" అని ఇంటిల్లిపాదియు అనుకొందురు.

ఆ మాటలోనే తప్పు ఉన్నది. కండ్లకలకను ఎక్కువగా కలిగించునవి ఎడినోవైరసులు. కొన్ని వ్యాప్తులలో ఎంటరోవైరసులు కూడ కారణమగును. వీటిని నశింపజేయునని గట్టిగా రుజువైన కంటిమందు ఇంతవరకు లేదు. సాధారణముగా శరీరమే వాటిని జయించును. కాబట్టి శరీరమునకు దక్కవలసిన కీర్తి సీసాకు దక్కినది. ఇంతవరకైతే నష్టము స్వల్పమే. కాని ఎర్రబడిన ప్రతి కన్నును కండ్లకలక కాదు. ఆ ఎరుపు హెర్పీసు వైరస్ వలన కలిగినదై, ఆ సీసాలో స్టెరాయిడ్ కలిసియున్నచో, అదే మందు కంటిచూపును తీయగలదు. ఒక ఇంట మేలు చేసినట్లు కనబడిన సీసా మరియొక ఇంట కీడు చేయును.

ఇట్టి చోట అనుభవము చాలదు; పరీక్ష కావలెను. కంటి హెర్పీసు విషయములో అట్టి పరీక్షను అమెరికాలో జాతీయ నేత్ర సంస్థ ధనసహాయముతో అనేక వైద్యకేంద్రములు కలిసి జరిపినవి. దానిపేరు హెర్పెటిక్ ఐ డిసీజ్ స్టడీ, అనగా హెర్పీసు నేత్రవ్యాధి పరిశోధన. దాని ముఖ్య ఫలితములు 1994 నుండి 2000 వరకు వైద్యపత్రికలలో వెలువడినవి. నేటికిని నేత్రవైద్యులు ఈ వ్యాధికి మందు వ్రాయునపుడు దానినే ముందుగా తలచుకొందురు. ఇంత గౌరవము పొందిన పరిశోధన ఎంతవరకు చెప్పినది, ఎచ్చట ఆగినది, దానిని చదువువారు ఎచ్చట పొరబడుదురు అను విషయములు ఉపాధ్యాయులకును విద్యార్థులకును తెలియదగినవి.

ముందు వ్యాధి సంగతి. జ్వరము తగ్గిన పిమ్మట కొందరికి పెదవి అంచున పొక్కులు లేచును. వాటికి కారణము హెర్పీస్ సింప్లెక్స్ వైరస్. చిన్నతనములోనే చాలమంది శరీరములలో ప్రవేశించి, ముఖమునకు స్పర్శజ్ఞానమునిచ్చు నాడియొక్క కణములలో ఇది నిద్రించుచుండును. ఎప్పుడో మేల్కొని, నాడి వెంట కార్నియాకు, అనగా కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె నుండు పారదర్శకమైన పొరకు చేరును. కార్నియా పైపొరలో అది కలిగించు పుండు చెట్టుకొమ్మవలె రెమ్మలు వేసికొని యుండును. ఫ్లోరెసీన్ అను రంగును కంటిలో వేసి నీలికాంతిలో చూచినచో ఆ కొమ్మలు ఆకుపచ్చగా మెరయును. ఇది సాధారణముగా మచ్చ మిగుల్చక మానును. కాని వ్యాధి కార్నియా నడిమి మందపు పొరకు దిగినచో సంగతి వేరు. అచ్చట వైరస్ కంటె దానిపై శరీరము జరుపు పోరాటమే ఎక్కువ హాని చేయును. వాపు తగ్గిన చోట తెల్లని మచ్చ మిగులును. అద్దముపై మసి పూసినట్లు చూపు మందగించును. దాడి తిరిగివచ్చిన కొలది మచ్చ పెరుగును.

అందువలన వైద్యుని ముందు రెండు ఆయుధములున్నవి: వైరస్ పెరుగుదలను ఆపు మందు ఒకటి, శరీరపు పోరాటమును చల్లార్చు స్టెరాయిడ్ మరియొకటి. పైపొర పుండులో వైరస్ చురుకుగా వృద్ధి చెందుచుండగా స్టెరాయిడ్ మాత్రమే వేయుట దొంగ ఇంటిలో నుండగా కావలివానిని పంపివేయుట వంటిది. పుండు విశాలమై లోతునకు దిగును. మరి నడిమి పొర వాపులో స్టెరాయిడ్ మేలా, కీడా? ఈ ప్రశ్నపై నేత్రవైద్యులు చాలకాలము వాదించుకొన్నారు. పై పరిశోధన పుట్టుటకు ఒక కారణము ఈ వాదమే.

వైరస్‌పై పనిచేయు మందుల చరిత్ర కంటితోనే ప్రారంభమైనదనుట అతిశయోక్తి కాదు. 1959 లో విలియం ప్రూసాఫ్ యేల్ విశ్వవిద్యాలయములో ఐడాక్సియురిడిన్ అను పదార్థమును తయారుచేసినాడు. 1962 లో హెర్బర్ట్ కాఫ్మన్ దానితో కంటి హెర్పీసు నయమగుటను చూపినాడు. కణము తన డి.ఎన్.ఏ. నిర్మాణమునకు వాడుకొను థైమిడిన్‌ను పోలిన పదార్థమిది. వైరస్ దీనిని అసలు ఇటుక అనుకొని గోడలో పెట్టుకొనును, గోడ కూలును. అయితే మన కణములు కూడ అట్లే మోసపోవును. కావున ఎక్కువకాలము వాడినచో కార్నియా పైపొరకే దెబ్బ తగులును. తరువాత వచ్చిన ట్రైఫ్లురిడిన్ మరింత శక్తిగలదైనను ఈ దోషమును పూర్తిగా పోగొట్టుకొనలేదు. ఎసైక్లోవిర్ వచ్చిన తరువాతనే పెద్ద మార్పు కలిగినది. హెర్పీసు వైరస్ తయారుచేయు ఒక ఎంజైము తాకిననే గాని ఎసైక్లోవిర్ చురుకు పొందదు. వైరస్ లేని కణములో అది చాలవరకు నిద్రాణముగానే ఉండును. తాళముచెవి దొంగ చేతిలోనే ఉన్నదన్నమాట. దీని ఆవిష్కరణకు సంబంధించిన గెర్ట్రూడ్ ఎలియన్ 1988 లో నోబెల్ బహుమతిని పంచుకొన్నది.

ఈ చరిత్రనుండి ఒక సంగతి గ్రహింపవలెను. ఎసైక్లోవిర్ మేలుచేయుటకు హెర్పీసు జాతి వైరస్ ఉండవలెను. ఎడినోవైరస్‌కు ఆ ఎంజైము లేదు. కాబట్టి సాధారణమైన కండ్లకలకకు ఈ మలామును పూయుట తాళము లేని తలుపునకు చెవి త్రిప్పుట వంటిది. "వైరస్ మందు" అను పేరు చూచి అన్ని వైరసులకును పనిచేయుననుకొనుట తప్పు.

ఇక పరిశోధనకు వత్తము. దీని మొదటి గుణము ప్రశ్నలను విడదీయుట. "హెర్పీసుకు ఏ మందు మంచిది?" అని ఒకేసారి అడుగలేదు. ఒక్కొక్క దశకు ఒక్కొక్క ప్రశ్న వేసి, ఒక్కొక్క పరీక్ష పెట్టినారు. రోగులను యాదృచ్ఛికముగా రెండు జట్లుగా విభజించినారు. ఒక జట్టునకు మందు, మరియొక జట్టునకు చూపునకు అట్లే ఉండి మందు లేని ఉత్త చుక్కలు లేక మాత్రలు. ఎవరికి ఏది ముట్టినదో రోగికిని తెలియదు, పరీక్షించు వైద్యునికిని తెలియదు. మన ఆశలు ఫలితములలోనికి చొరబడకుండ కట్టిన గట్టు ఇది.

నడిమి పొర వాపుగల 106 మందిపై జరిపిన మొదటి పరీక్షలో అందరికిని ట్రైఫ్లురిడిన్ చుక్కలు వేసినారు. సగము మందికి దానితోపాటు స్టెరాయిడ్ చుక్కలను మొదట తరచుగా, క్రమముగా తగ్గించుచు 10 వారములు ఇచ్చినారు. స్టెరాయిడ్ జట్టులో వాపు నిలిచిపోవుట లేక ముదురుట అను అపాయము 68 శాతము తగ్గినది. వాపు తీరుటకు పట్టిన మధ్యస్థ కాలము ఆ జట్టులో 26 దినములు, రెండవ జట్టులో 72 దినములు. దీర్ఘకాలపు వాదమునకు దీనితో సమాధానము దొరికినది.

కాని ఇదే ఫలితమును తొందరపడి చదివినవారు "హెర్పీసుకు స్టెరాయిడ్ మంచిదని తేలినది" అందురు. అట్లు తేలలేదు. ఆ 106 మందిలో వైరస్ మందు వేసికొననివారు ఒక్కరును లేరు. కావున ఈ ఫలితము వైరస్ మందు కాపుదలలో వేసిన స్టెరాయిడ్‌కే వర్తించును. పైగా అది నడిమి పొర వాపునకు సంబంధించినది. కొమ్మల పుండునకు కాదు. పైపైన చూచినచో రెండు కండ్లును ఎరుపే. ఒక దశకు చెప్పిన మాటను మరియొక దశకు వాడుటయే మందుల దుకాణమువద్ద జరుగు పొరపాటు.

ఈ పరీక్షలో మరియొక లోపము కూడ కనబడును. వాపు ఎంత త్వరగా తగ్గినదో చక్కగా కొలిచినారు. రోగికి కావలసినదో, చూపు. ఆరు నెలల తరువాత చూచినచో రెండు జట్ల చూపులో చెప్పదగిన భేదము లేదు. స్టెరాయిడ్‌ను కొన్ని వారములు ఆలస్యము చేసినను చివరకు చూపు చెడలేదని దీని అర్థము. తొందరపడి స్టెరాయిడ్ మొదలుపెట్టనక్కరలేదనుటకు ఇది మంచి ఆధారమే. అయినను దీర్ఘకాలము వాడిన స్టెరాయిడ్ వలన కంటిలో ఒత్తిడి హెచ్చి నీటికాసులు, లేదా శుక్లములు కలుగునా అనునది కొద్ది నెలల పరీక్షలో తేలునది కాదు. ఆ భయమును ఈ ఫలితములు తీర్చినవనుకొనరాదు.

తరువాతి రెండు పరీక్షలు ఈ పరిశోధనకు అసలైన కీర్తి తెచ్చినవి. ఏలననగా అవి "ప్రయోజనము లేదు" అని చెప్పినవి. నడిమి పొర వాపునకు ట్రైఫ్లురిడిన్, స్టెరాయిడ్ చుక్కలు వేసికొనుచున్న 104 మందిలో కొందరికి ఎసైక్లోవిర్ మాత్రలను కూడ 10 వారములు ఇచ్చినారు. అదనపు మేలు రుజువు కాలేదు. కొమ్మల పుండు గల 287 మందిలో, చుక్కలతోపాటు మాత్రలను 3 వారములు మ్రింగించినచో వ్యాధి లోపలి పొరలకు దిగకుండునా అని చూచినారు. మాత్రలు తిన్నవారిలో నూటికి 11 మందికి, ఉత్త మాత్రలు తిన్నవారిలో నూటికి 10 మందికి ఏడాదిలోగా వ్యాధి లోపలికి దిగినది. భేదము లేదు. "ఎందుకైనను మంచిది, మాత్ర కూడ వేయుడు" అను అలవాటుకు ఆధారము లేదని ఇట్లు బయటపడినది. మందు అక్కరకు రాని చోటును ఇంత స్పష్టముగా ప్రకటించిన పరిశోధనలు తక్కువ.

ఈ రెండవ ఫలితమును కూడ జాగ్రత్తగా చదువవలెను. రెండు జట్లవారును చుక్కలు వేసికొనుచునే యున్నారు. కాబట్టి "మాత్ర పనికిరాదు" అని కాదు, "చుక్కలు వేసికొనువానికి మాత్ర చేర్చినందువలన అదనపు రక్ష లేదు" అని అర్థము. "దీనితోపాటు అది" అనుటకును, "దీనికి బదులు అది" అనుటకును గల భేదమును తరగతిలో బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరుకదు.

కంటిలోని రంగుపొరకు వాపు కలిగినవారిపై జరిపిన పరీక్ష ఈ వరుసలో బలహీనమైనది. తగినంతమంది రోగులు దొరకక 50 మందితోనే ఆపవలసివచ్చినది. ఎసైక్లోవిర్ మాత్రలు తిన్న 22 మందిలో 11 మందికి, ఉత్త మాత్రలు తిన్న 28 మందిలో 19 మందికి చికిత్స విఫలమైనది. నూటికి 50, నూటికి 68 అని చూచినచో మందు గెలిచినట్లే తోచును. కాని ఇంత చిన్న లెక్కలో ఇట్టి భేదము కేవలము యాదృచ్ఛికముగా కూడ రావచ్చును. "రుజువు కాలేదు" అనుట వేరు, "లేదని రుజువైనది" అనుట వేరు. ఈ పరీక్షకు మొదటి మాటయే తగును.

1998 లో వెలువడిన నివారణ పరీక్ష అన్నింటిలోను పెద్దది. గడచిన ఏడాదిలో కంటి హెర్పీసు వచ్చి మానిన 703 మందికి ఏడాదిపాటు దినమునకు రెండుసార్లు, 400 మిల్లీగ్రాముల ఎసైక్లోవిర్ మాత్రలో, ఉత్త మాత్రలో ఇచ్చినారు. ఆ ఏడాదిలో వ్యాధి తిరిగివచ్చినది మందు జట్టులో నూటికి 19 మందికి, ఉత్త మాత్ర జట్టులో నూటికి 32 మందికి. ఇంతకుముందే నడిమి పొర వాపు వచ్చినవారిలో అదే వాపు తిరిగివచ్చుట నూటికి 28 నుండి 14 కు తగ్గినది.

ఉపాధ్యాయులు ఈ అంకెలను విద్యార్థులచేత లెక్క కట్టింపవచ్చును. 32 నుండి 19 తీసివేసినచో 13. నూరుగురు మందు తిన్నచో 13 మందికి వ్యాధి తప్పినది. అనగా ఒకరికి తప్పుటకు సుమారు 8 మంది ఏడాదిపాటు మందు తినవలెను. ఒక్కొక్కరికి 730 మాత్రల చొప్పున 5,840 మాత్రలు. పుండు పైపొరలోనే వచ్చి మచ్చలేక మానువానికి ఇది పెద్ద ఖర్చే. అదే, నడిమి పొర వాపు వచ్చి, ఇంకొక్క దాడితో చూపు పోవునను స్థితిలో ఉన్నవానికి ఇది చౌక. మాత్ర ఒకటే, దాని విలువ రోగినిబట్టి మారును. ఎవరికి ఇయ్యవలెను అను ప్రశ్నకు అంకె ఒక్కటే సమాధానము చెప్పదు. కాని అంకె లేనిదే ఆ ప్రశ్న సరిగా వేయుట కూడ సాధ్యము కాదు. మందు తిన్నవారిలో సైతము నూటికి 19 మందికి వ్యాధి తిరుగబెట్టినదని మరువరాదు. నాడిలో నిద్రించు వైరస్‌ను ఈ మాత్ర చంపదు. లేవకుండ అదుపుచేయుటకు యత్నించును.

ఇదే వరుసలో 2000 లో వెలువడిన చిన్న పరిశోధన బహుశః విద్యార్థులకు అన్నిటికంటె ప్రియమగును. మనోవేదన, ఎండ, జ్వరము వంటివి హెర్పీసును లేపునని లోకములో నమ్మకమున్నది. 308 మంది వారము వారము తమ స్థితిగతులను ఒక పత్రములో వ్రాసియిచ్చుటకు ఒప్పుకొన్నారు. వ్యాధి రాకముందే నింపిన పత్రములను చూడగా మనోవేదనకును వ్యాధికిని సంబంధము కనబడలేదు. వ్యాధి తిరుగబెట్టిన తరువాత ఆ వారపు పత్రమును నింపినవారు మాత్రము తమ వేదనను హెచ్చుగా వ్రాసినారు. వారు అబద్ధమాడలేదు. బాధలో ఉన్న మనస్సు వెనుకకు చూచి కారణమును వెదకుకొన్నది. ఈ పత్రములను వేరు చేయకుండ కలిపివేసినచో "మనోవేదనయే కారణము" అను తప్పు సిద్ధాంతము శాస్త్రముగా చెలామణి అయియుండెడిది. ఎరుపు తగ్గిన తరువాత సీసాను పొగడిన ఇల్లును, జబ్బు వచ్చిన తరువాత వేదనను నిందించిన రోగియు ఒకే పొరపాటు చేసినారు.

మొత్తముమీద ఈ పరిశోధనకు మూడు హద్దులున్నవి. మొదటిది, అందులో కంటిలో వేసిన మందు ట్రైఫ్లురిడిన్. మన దేశములో రోగి చేతికి ఎక్కువగా వచ్చునది 3 శాతపు ఎసైక్లోవిర్ మలాము, లేదా 0.15 శాతపు గాన్‌సైక్లోవిర్ జెల్. కొమ్మల పుండును మాన్పుటలో ఇవి ట్రైఫ్లురిడిన్‌కు తీసిపోవని ఇతర పరిశోధనలు చూపినవి గాని, స్టెరాయిడ్‌తో కలిపి వాడిన ఫలితములను ఈ మందులకు అన్వయించునపుడు అది అనుమానమేగాని ప్రత్యక్ష ప్రమాణము కాదు. రెండవది, నివారణ పరీక్షలో 12 ఏండ్లు నిండనివారు లేరు. మూడవది, రోగనిరోధకశక్తి క్షీణించినవారిని చేర్చుకొనలేదు. పసివారికిని అట్టి బలహీనులకును ఈ అంకెలను ఉన్నవున్నట్లు వర్తింపజేయరాదు.

ఈ హద్దులలోనే ఇంటికి పనికివచ్చు నియమములు కూడ ఉన్నవి. కన్ను ఎర్రబడి, నొప్పి, వెలుతురు చూడలేకపోవుట, చూపు మసకబారుట ఉన్నచో నేత్రవైద్యుడు స్లిట్ లాంపుతో చూడవలసినదే. దుకాణములో అడిగి స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేసికొనరాదు. వైరస్ మందు వ్రాసినచో చెప్పిన వేళలు తప్పరాదు. మలామును సాధారణముగా దినమునకు 5 సార్లు, క్రింది రెప్ప లోపల ఒక సెంటీమీటరు పొడవున పెట్టుదురు. పుండు మానిన తరువాత కూడ కనీసము 3 దినములు కొనసాగింతురు. ఎరుపు తగ్గినదని నడుమ మానరాదు. మంచిదేకదా యని నెలల తరబడి పొడిగింపరాదు. ట్రైఫ్లురిడిన్‌ను 21 దినములకు మించి వాడరాదని తయారీదారులే హెచ్చరింతురు, కారణము పైన చెప్పిన ఇటుకల మోసమే. వారములో గుణము కనబడనిచో వైద్యుని వద్దకు తిరిగి పోవలెను. చేతులు కడుగుకొని మందు వేయవలెను. సీసా మూతి, గొట్టము కొన కంటికి తగులరాదు. రెండు మందులున్నచో నడుమ కనీసము 5 నిమిషముల వ్యవధి ఉంచి, మలామును చివర పెట్టవలెను. మలాము పెట్టిన పిమ్మట కొంతసేపు చూపు మసకగా ఉండును గనుక వెంటనే సైకిలెక్కరాదు. చికిత్స ముగియువరకు కంటిలో పెట్టుకొను కటకములను వాడరాదు. ఒకరి సీసాను మరియొకరికి ఇయ్యరాదు. మిగిలిన మందును మరుసటి జబ్బుకు దాచరాదు. మాత్రలు మ్రింగువారు మూత్రపిండముల జబ్బు ఉన్నచో ముందే చెప్పవలెను. అట్టివారికి మోతాదు తగ్గించవలసి యుండును.

ఈ నియమములలో కొన్ని మందుల పెట్టెలలోని కాగితముపై కూడ ఉండును. కాగితము "చేయుము, చేయకుము" అని మాత్రమే చెప్పును, ఎందుకో చెప్పదు. హెర్పీసు నేత్రవ్యాధి పరిశోధన ఆ "ఎందుకు" అను ప్రశ్నను వందలమంది రోగుల సహకారముతో అడిగినది. తెలిసినది తెలిసినట్లు, తేలనిది తేలనట్లు ప్రకటించినది. అందులో సగము పరీక్షలలో మందు ఓడిపోయినది. ఆ ఓటములు అచ్చయినందువలననే వేలమంది రోగులు అక్కరలేని మాత్రలు మ్రింగు అవసరము తప్పినది. కన్ను ఎర్రబడినపుడు బల్లసొరుగులోని పాత సీసాకై చేయి చాచు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుట ఆ పరిశోధననుండి నేర్వదగినది: ఈ మందు ఏ వ్యాధిపై, ఏ దశలో, దేనితో కలిపి పరీక్షింపబడినది?